ఫోన్ లాక్కోవడం కంటే ముందు చేయాల్సినవి: టీనేజ్ పిల్లల గేమ్ వ్యసనాన్ని దారికి తెచ్చే వరస

"ఫోన్ లాక్కోమంటారా, వద్దంటారా?" విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు పదే పదే అడిగేది ఇదే. మిగతా ప్రశ్నలూ దీని చుట్టూ తిరిగేవే. వైఫై కట్టేస్తే పక్కింటి పాస్‌వర్డ్ సంపాదించాడు, తిడితే అన్నం మానేసింది, హాస్టల్లో వేస్తే బాగుపడతాడా?

లాక్కోవద్దు. ఫోన్ జోలికి వెళ్లేలోపు చేయాల్సిన పనులు నాలుగున్నాయి. వాటిని దాటేసి నేరుగా ఫోన్ మీద పడితే ఇంట్లో గొడవ మిగులుతుంది, ఆట ఇంకోచోట సాగుతుంది. కిందివి వరస తప్పకుండా చేయండి. ఇది వారంలో తేలే పని కాదు, రెండు మూడు నెలలకి సిద్ధపడండి.

1. ఆటపిచ్చా, వ్యసనమా తేల్చుకోండి

ఎండాకాలం సెలవుల్లో నాలుగు గంటలు ఆడినంత మాత్రాన వ్యసనం అయిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా 11వ కూర్పులో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో గంటల లెక్క లేదు. చూసేది మూడు సంగతులు: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తన చేతిలో లేకపోవడం, చదువు, నిద్ర, మనుషులు అన్నిటికన్నా ఆటే ముందుండటం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆట తగ్గకపోవడం. మామూలుగా ఏడాదిపాటు ఇదే తీరు ఉంటేనే ఆ పేరు పెడతారు. తీవ్రంగా ఉంటే ఇంకా ముందే పెట్టొచ్చు. పెట్టాల్సింది మాత్రం డాక్టరే, మనం కాదు.

ఇంట్లో మీరు చూసుకోవాల్సినవి ఇవి:

- ఒకప్పుడు ఇష్టపడినవి (క్రికెట్, బొమ్మలు గీయడం, మేనమామ ఇంటికి వెళ్లడం) వదిలేశారా?
- అర్ధరాత్రి దాటాక ఆడి, పొద్దున లేవలేకపోతున్నారా?
- ఎంతసేపు ఆడారన్నదాని మీద అబద్ధాలు మొదలయ్యాయా?
- ఆపమన్నప్పుడు విసుక్కోవడం దాటి, వస్తువులు విసిరేదాకా వెళ్తోందా?
- గేమ్ కోసం చెప్పకుండా డబ్బు వాడారా?

ఒకటి రెండు ఉంటే ఇంట్లోనే సర్దుకోవచ్చు. మూడు, అంతకు మించి ఉంటే ఈ పనులు చేస్తూనే డాక్టర్ని కూడా కలవండి. ఇది నా అంచనా మాత్రమే, వైద్య పరీక్ష కాదు. చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వచ్చినా మిగతావన్నీ పక్కన పెట్టి నేరుగా 11వ మెట్టుకి వెళ్లండి.

2. మొదటి వారం ఏమీ మార్చకండి, రాయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. వారం రోజులు తిట్టకుండా, ఆపకుండా, చిన్న నోట్‌బుక్‌లో రోజుకి రెండు లైన్లు రాయండి. ఎన్ని గంటలన్నది ఒక్కటే రాస్తే పనికిరాదు. ఆటకి ముందు ఏం జరిగింది, ఎవరితో ఆడారు, ఎలా ఆపారు అన్నవి కావాలి. ఉదాహరణకి ఇలా:

సోమవారం: 5:40కి కాలేజీ నుంచి వచ్చాడు. ఫిజిక్స్ పేపర్ ఇచ్చారట, చూపించలేదు. 6 నుంచి 9:15 దాకా ఆట. పెట్టిన బజ్జీలు అలాగే ఉన్నాయి.

బుధవారం: వెనక వీధి అబ్బాయి వచ్చాడు. ఇద్దరూ డాబా మీద షటిల్ ఆడారు. ఫోన్ 40 నిమిషాలు.

శనివారం: మేం పెళ్లికి తెనాలి వెళ్లాం. ఒక్కడే ఉన్నాడు. 8 గంటలు.

ఈ మూడు రోజులు చాలు, సంగతి బయటపడింది. మార్కులు తగ్గిన రోజు, ఒంటరిగా ఉన్న రోజు ఆట పెరుగుతోంది. తోడుంటే దానంతట అదే తగ్గుతోంది. అలాంటి పిల్లాడి దగ్గర ఫోన్ తీసేసుకుంటే మార్కుల భయం తీరదు, ఒంటరితనమూ తీరదు.

గంటలు తెలుసుకోవడానికి ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూడండి. దొంగచాటుగా కాదు, వాళ్ల ముందే అడిగి చూడండి.

ఏ గేమ్ అన్నది కూడా రాసుకోండి. బీజీఎంఐ (పబ్జీ భారత కూర్పు), ఫ్రీ ఫైర్ లాంటివి స్క్వాడ్‌గా, అంటే నలుగురి జట్టుగా ఆడేవి. అక్కడ పట్టి ఉంచేది తుపాకులు కాదు, హెడ్‌ఫోన్‌లో మాట్లాడే ఆ ముగ్గురు స్నేహితులు. రోజూ లాగిన్ అయితే బహుమతి, సీజన్ అయిపోయేలోపు పాస్ పూర్తి చేయాలన్న గడువు ఉన్న గేమ్‌లలో ఒక్కరోజు మానితే నష్టపోతామన్న బెంగ ఉంటుంది. ఏదొస్తుందో తెలియని పెట్టెలు తెరిచే గేమ్‌లలో ఆశ లాగుతుంది. ఏది లాగుతోందో తెలిస్తే దాని బదులు ఏమివ్వాలో తెలుస్తుంది.

3. పెద్దవాళ్లు ఒక మాట మీదికి రండి

అమ్మ వద్దంటుంది, నాన్న అరుస్తాడు, నాయనమ్మ జాలిపడి తన ఫోన్ ఇస్తుంది. ఈ మూడూ ఒకే ఇంట్లో జరుగుతుంటే ఏ నియమమూ రెండు రోజులు నిలవదు. పిల్లలు లేనప్పుడు పెద్దలందరూ ఒకసారి కూర్చోండి. తాతయ్య ఫోన్, బాబాయ్ హాట్‌స్పాట్, పాత ట్యాబ్ అన్నీ లెక్కలోకి రావాలి.

నాయనమ్మకి "ఇవ్వద్దు" అని మాత్రమే చెప్తే ఆవిడ నొచ్చుకుంటారు, వాడు ఏడిస్తే ఇచ్చేస్తారు. "వాడు అడిగితే, అమ్మని అడిగి ఇస్తానురా అనండి అత్తయ్యా" అని ఆవిడ నోటికి ఒక మాట అందించండి. పని సులువవుతుంది.

ఇంకో ఇబ్బంది మన ఊళ్ల వ్యాపారాలది. బీసెంట్ రోడ్డులో షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. మిర్చి సీజన్లో యార్డు పని ఉన్నవాళ్లకి ఇల్లే గుర్తుండదు. సాయంత్రం 5 నుంచి 10 దాకా ఇంట్లో పెద్దదిక్కు లేకపోతే, ఆ ఐదు గంటలకి ఎవరు తోడన్నది ముందు తేలాలి. వారంలో మూడు రోజులైనా ఒకరు ముందే ఇంటికి రాగలిగితే చూడండి. కుదరకపోతే పిన్ని ఇల్లో, నమ్మకమున్న పొరుగిల్లో మాట్లాడుకోండి.

మీ ఫోన్ సంగతి కూడా. అన్నం తింటూ రీల్స్ చూసే నాన్న, కొడుకుకి నియమాలు చెప్తే వాడు నవ్వుకుంటాడు. పిల్లలకి పెట్టే రాత్రి నియమం మీకూ వర్తించాలి.

4. మాట్లాడే రోజు

మ్యాచ్ ఓడిపోయిన వెంటనే వద్దు, మార్కులొచ్చిన రోజు వద్దు, చుట్టాల ముందు అసలే వద్దు. ఎదురెదురుగా కూర్చోబెట్టి క్లాసు పీకడం కన్నా బండి మీద వెళ్తూనో, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ వైపు నడుస్తూనో మొదలుపెడితే పిల్లలు నోరు విప్పుతారు.

మొదటి మాట ఆట మీదే ఉండాలి, నేరం మీద కాదు.

"నువ్వాడే గేమ్‌లో ర్యాంకులు ఎలా వస్తాయిరా?"
"ఎందుకు నాన్నా?"
"తెలుసుకుందామని. నీ స్క్వాడ్‌లో ఎవరెవరున్నారు?"

పది నిమిషాలు వినండి. ఆ తర్వాతే అసలు సంగతి: "రాత్రి రెండింటికి నీ గదిలో లైటు చూశాను. పొద్దున నువ్వు లేవలేకపోతున్నావు. నాకు భయమేస్తోంది. పూర్తిగా మానేయమనట్లేదు. ఎలా తగ్గిద్దామో నువ్వే చెప్పు."

ఈ మాటలు నోట్లోంచి రానివ్వకండి:

- "పక్కింటి సుజాత వాళ్లబ్బాయిని చూడు."
- "నీకోసం మేం ఎంత కష్టపడుతున్నామో తెలుసా?"
- "రేపటి నుంచి ఫోన్ బంద్." చేయలేని మాట అనకూడదు. అన్నాక ఎల్లుండి ఇచ్చేస్తే మీ మాటకి ఇక విలువుండదు.

మొదటిసారి "ఊఁ" అని లేచి వెళ్లిపోతే వదిలేయండి. రెండు మూడు రోజులాగి మళ్లీ ఎత్తండి. ఆడపిల్లలైతే ఇంకో విషయం గమనించండి. వాయిస్ చాట్‌లో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నా, చెప్తే ఫోన్ తీసేసుకుంటారని దాచుకుంటారు. "చెప్పినందుకు ఫోన్ తీసుకోను తల్లీ" అని ముందే మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

5. ముందు రాత్రి సరిచేయండి

పగటి గంటలు ఇప్పుడే ముట్టుకోవద్దు. మొదటి రెండు వారాలు ఒకటే నియమం: రాత్రి ఫోన్లు పడకగదిలో ఉండవు.

టీనేజ్ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్లలకి చిరాకు, చదువు మీద దృష్టి నిలవకపోవడం, ఇంకా ఆడాలన్న తపన అన్నీ కలిసి వస్తాయి. నిద్ర కుదిరితే మిగతా మెట్లలో సగం గొడవ తగ్గుతుంది.

- ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకేచోట ఛార్జింగ్. అమ్మానాన్నవి కూడా.
- పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం కొనండి. "అలారం కోసం ఫోన్ కావాలి" అన్న సాకు పోతుంది.
- కాలేజీ వాట్సాప్ గ్రూపు హోంవర్క్ రాత్రి 9 లోపే దింపుకోవాలి.
- ఇప్పుడు రెండింటికి పడుకుంటుంటే ఒకేసారి పదింటికి పడుకోమంటే నిద్ర పట్టదు. మూడు నాలుగు రోజులకోసారి అరగంట ముందుకు జరపండి.
- ఎన్నింటికి పడుకున్నా పొద్దున లేచే టైమ్ మారకూడదు, ఆదివారమైనా.

6. తగ్గించేముందు సాయంత్రం నింపండి

ఖాళీ చేసి నింపడం కాదు, నింపుతూ ఖాళీ చేయాలి. నోట్‌బుక్‌లో ఏం బయటపడిందో అది ఇక్కడ పనికొస్తుంది.

స్నేహితుల కోసం ఆడేవాళ్లకి స్నేహితులే కావాలి. ఆ స్క్వాడ్‌లో మీ ఊరి పిల్లలుంటే ఆదివారం ఇంటికి పిలవండి. టిఫిన్ పెట్టండి, వాళ్లు కలిసి గేమ్ ఆడుకున్నా పర్లేదు. మనుషులు ఎదురుగా ఉన్నప్పుడు ఆట మధ్యలో మాటలొస్తాయి, మాటల మధ్య బయటికెళ్దాం అన్న ఆలోచన వస్తుంది.

గెలుపు కోసం ఆడేవాళ్లని గెలుపోటములున్న ఆటలో వేయండి. నడకకి పంపితే రెండు రోజుల్లో మానేస్తారు. షటిల్, టేబుల్ టెన్నిస్, చెస్, కబడ్డీ ఏదైనా సరే, స్కోరు ఉండాలి. విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, గుంటూరులో బీఆర్ స్టేడియం, ఎన్టీఆర్ స్టేడియం వైపు ఒకసారి తీసుకెళ్లి, ఏ కోచింగ్ నడుస్తోందో వాళ్లనే అడిగి తెలుసుకోమనండి. మే నెలలో అయితే ఉదయం ఏడు లోపు, లేదా సాయంత్రం ఆరు దాటాకే. ఈత నేర్పాలనుకుంటే పూల్లోనే. స్నేహితులతో కృష్ణలో దిగనివ్వకండి.

చదువు భయం నుంచి పారిపోయి ఆడేవాళ్ల సంగతి వేరు. ఎంపీసీ తీసుకుని లెక్కలు అందక, ఎప్‌సెట్ పేరు వింటేనే ముడుచుకుపోయే పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లకి షటిల్ బ్యాట్ కొనిస్తే లాభం లేదు. ఏ సబ్జెక్టులో ఎక్కడ ఆగిపోయారో తెలుసుకుని, ఆ ఒక్కదానికి సాయం ఏర్పాటు చేయండి. అవసరమైతే గ్రూప్ మార్చే మాట కూడా నిజాయితీగా మాట్లాడండి. ఇది తల్లిదండ్రులకి మింగుడుపడదని తెలుసు. అయినా గేమ్ వెనక ఉన్నది అదే అయితే దాన్ని ముట్టుకోకుండా పని జరగదు.

7. నిమిషాలు కాదు, మ్యాచ్‌లు లెక్కపెట్టండి

"ఎనిమిదింటికి ఆపెయ్" అంటారు. ఎనిమిదింటికి వాడు మ్యాచ్ మధ్యలో ఉంటాడు. వదిలేస్తే స్క్వాడ్ ఓడిపోతుంది, ర్యాంకు పడిపోతుంది, స్నేహితులు తిడతారు. "ఒక్క ఐదు నిమిషాలు" అన్నది ప్రతిసారీ అబద్ధం కాదు. బీజీఎంఐలో బ్యాటిల్ రాయల్ (ఆఖరుకి మిగిలినవాళ్లే గెలిచే) మ్యాచ్ పెద్ద మ్యాప్‌లో చివరిదాకా నిలబడితే దాదాపు అరగంట పడుతుంది.

అందుకే మ్యాచ్‌ల లెక్క పెట్టండి. ఇప్పుడు రోజుకి ఎనిమిది ఆడుతుంటే ఈ వారం ఆరు, పై వారం ఐదు. చివరి మ్యాచ్ మొదలుపెట్టేముందు "ఇదే ఆఖరుది" అని వాళ్లే వచ్చి చెప్పాలి. ఆ మ్యాచ్ అయ్యేదాకా మీరు మాట్లాడకూడదు. బడి రోజుల్లో రెండు, సెలవు రోజు నాలుగు దగ్గర నిలిస్తే చాలా ఇళ్లకి సరిపోతుంది.

ఒప్పందం తెల్ల కాగితం మీద వాళ్ల చేతిరాతతోనే రాయించి, ఫ్రిజ్ మీద అంటించండి:

- బడి రోజు ఎన్ని, సెలవు రోజు ఎన్ని
- ఆట మొదలయ్యేది ఏ పని అయ్యాక
- రాత్రి ఫోన్ హాల్లోకి ఎన్నింటికి
- తప్పితే ఏమిటి (మర్నాడు ఒక మ్యాచ్ తగ్గడం లాంటి చిన్నది, ఆరోజుతో అయిపోయేది)
- వారం సరిగ్గా నడిస్తే ఏమిటి
- పెద్దవాళ్లు చేయాల్సింది ఏమిటి

చివరి లైను ఖాళీగా ఉంచితే అది ఒప్పందం కాదు, హుకుం.

8. ఫోన్‌లో తాళాలు

మాటలయ్యాకే ఇది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో యాప్‌కి ఇంత సమయమని, రాత్రి ఇన్నింటికి లాక్ అని పెట్టొచ్చు. ఇప్పటికే సొంత అకౌంట్ వాడుతున్న టీనేజ్ పిల్లలకి దీన్ని కలపాలంటే వాళ్ల అంగీకారం కూడా కావాలి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌కి పాస్‌కోడ్ పెట్టండి, పుట్టినరోజు తేదీ మాత్రం కాదు.

పిల్లలు తప్పించుకునే దారులు ఇవి, ముందే చూసుకోండి:

- గెస్ట్ మోడ్, సెకండ్ స్పేస్, క్లోన్ యాప్‌లు (అదే ఫోన్‌లో ఇంకో చాటు ఖాతాలా పనిచేసేవి)
- వైఫై ఆపితే మొబైల్ డేటా, అది అయిపోతే స్నేహితుడి హాట్‌స్పాట్
- వయసు ఎక్కువ వేసుకోవడం. నిషేధం తర్వాత 2023లో తిరిగి వచ్చిన బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి 3 గంటల పరిమితి పెట్టారు. నాన్న వివరాలతో ఆడితే ఆ పరిమితి తగలదు.

దారి దొరికిన ప్రతిసారీ కొత్త తాళం వేస్తూ పోతే దొంగా పోలీస్ ఆట మొదలవుతుంది, అందులో వాళ్లే గెలుస్తారు. ఒప్పుకున్న పిల్లలకి గుర్తుచేయడానికే తాళం.

9. డబ్బు పోతుంటే

ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ మార్చండి. తాతయ్యది కూడా, ఎందుకంటే ఆయన పిన్ మనవడికే ముందు తెలుసు. ఆటో పేలు (దానంతట అవే డబ్బు కట్ అయ్యేవి) ఏమున్నాయో యూపీఐ యాప్‌లో చూసి అక్కర్లేనివి రద్దు చేయండి. పొరపాటున జరిగిన కొనుగోలుకి గూగుల్ ప్లేలో వీలైతే 48 గంటల్లోపే రిఫండ్ అడగండి.

డబ్బు పెట్టి డబ్బు గెలిచే రమ్మీ, బెట్టింగ్ లాంటివి వేరే కథ. ఆంధ్రప్రదేశ్ 2020లోనే వీటిని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టమూ వచ్చింది. పిల్లల ఫోన్‌లో అలాంటిది కనిపిస్తే మ్యాచ్‌ల లెక్క వర్తించదు, పూర్తిగా తీసేయాలి. అప్పు చేశారేమో మెల్లగా అడగండి. కొట్టకండి. అప్పు సంగతి దాచుకున్న పిల్లలే ఎక్కువ ప్రమాదంలో పడతారు. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

10. తిరగబెట్టినప్పుడు

మొదటి వారం పదిరోజులు చిరాకు, విసుగు, తలుపు దడాలున వేయడం ఉంటాయి. తగ్గుతాయి. అప్పుడు లొంగిపోయి ఫోన్ ఇచ్చేస్తే, తలుపు ఇంకా గట్టిగా వేయాలని నేర్పినట్టే. "కోపంగా ఉన్నావు, అర్థమైంది. రేపటి మ్యాచ్‌లు రేపు" అని పక్కకి వచ్చేయండి.

సంక్రాంతి, దసరా సెలవుల్లో లెక్క తప్పడం ఖాయం. హాస్టల్ పిల్లలకి మరీను. హాస్టల్లో ఫోన్ ఉండదు కాబట్టి ఆట ఆగుతుంది, అంతే. తనను తాను ఆపుకోవడం అక్కడ ఎవరూ నేర్పరు. ఇంటికొచ్చిన నాలుగు రోజులూ నిద్ర మానుకుని ఆడతారు. రాకముందే ఫోన్లో మాట్లాడి సెలవుల లెక్క తేల్చుకోండి, మొదటి రోజు కాస్త వదులుగానే ఉండండి. వ్యసనం మాన్పించడానికని కొత్తగా హాస్టల్లో వేయడం మాత్రం నేను ఒప్పుకోను.

ఫోన్ పగలగొట్టడం, గేమ్ అకౌంట్ చెరిపేయడం వద్దు. రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు ఒక్క నిమిషంలో పోతే పిల్లలు ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

11. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఎలా

వీటిలో ఏదున్నా ఇంటి వైద్యం ఆపండి:

- చావు గురించి మాట, చేతి మీద కోతలు
- ఇంట్లోవాళ్ల మీద చెయ్యి చేసుకోవడం
- రెండు వారాలుగా బడికో కాలేజీకో వెళ్లకపోవడం
- ఆట లేనప్పుడూ దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనుషుల్లోకి రాకపోవడం
- రెండు నెలలు వరసగా చేసినా మార్పు లేకపోవడం

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే నేరుగా చేయొచ్చు, ఆ నంబరు వాళ్లకి కూడా ఇవ్వండి. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఫోన్ల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, పిల్లల్ని ఒంటరిగా వదలకండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో టెక్నాలజీ వ్యసనాల కోసమే షట్ అనే క్లినిక్ నడుస్తోంది. అంత దూరం మొదటే అక్కర్లేదు.

చాలామందికి మందులు రాస్తారేమోనని భయం. గేమ్ మాన్పించే మాత్ర అంటూ ఏదీ లేదు. కౌన్సెలింగే ప్రధానం. గేమ్ వెనక డిప్రెషనో, ఆందోళనో, ఏడీహెచ్‌డీనో (దృష్టి, కుదురు నిలవని సమస్య) ఉందని తేలితే దానికి అవసరాన్ని బట్టి మందులిస్తారు.

"పిచ్చాసుపత్రికి తీసుకెళ్తున్నావా?" అని పిల్లలు ఎదురుతిరిగితే, "నిద్ర పట్టట్లేదు కదా, దానికే" అనండి. అది అబద్ధం కాదు కూడా. మాయమాటలు చెప్పి సినిమాకని తీసుకెళ్లొద్దు. అయినా రానంటే మొదటిసారి మీరిద్దరే నోట్‌బుక్ పట్టుకుని వెళ్లండి. ఓపీ చీటీ రాయించుకునేది ఉదయమే కాబట్టి పెందలాడే బయల్దేరండి. పిల్లలు వచ్చినప్పుడు డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. బయటికొచ్చాక లోపల ఏం చెప్పావని అడగకండి.